పదహారేళ్ళు నిండాక చూపవలసిన మూడు నిమిషాలు

నా దగ్గర పదకొండు నోటు పుస్తకాలున్నాయి. కువైట్‌లో గడిపిన సంవత్సరాలలో ఏ రోజు ఏం జరిగిందో, ఎవరు ఏమన్నారో, వీలైతే ఎన్ని గంటలకు అన్నారో వాటిలో రాసి ఉంచాను. నా జ్ఞాపకం మీద నాకు నమ్మకం తక్కువ. కాగితం మీద ఎక్కువ. ఆ పదకొండు పుస్తకాలలో తెలిసి రాసిన అబద్ధం ఒక్కటే ఉంది. ఆరో పుస్తకంలో, ఎడమ వైపు పేజీలో, నా చేతిరాతతోనే ఉంది: "తొలగించిన భాగము భద్రపరచబడినది. బాలికకు పదహారేళ్ళు నిండిన తర్వాత చూపవచ్చును." ఆ వాక్యం ఎలా రాయవలసి వచ్చిందో వరుసగా చెబుతాను. వరుస తప్పితే నాకు కోపం వస్తుంది, కోపం వస్తే నా తప్పు చిన్నదిగా కనబడుతుంది.

నా ఉద్యోగం మిర్కాబ్‌లో, ఒక పాత భవనం మూడో అంతస్తులో. బయటి దేశాల సినిమాలు హాళ్ళకు వెళ్ళే ముందు వాటిని ఏ వయసు వారు చూడవచ్చో తేల్చే స్థానిక మండలి అది. సభ్యులు ముగ్గురు. ఒకాయన బడిలో పెద్ద పంతులుగా చేసి విరమించినవాడు. ఒకావిడ ఆడపిల్లల బడిలో పనిచేసేది. మూడో ఆయన నగర పాలన తరఫు అధికారి. నేను గుమాస్తాను. హిందీ, తెలుగు సినిమాలు వచ్చినప్పుడు మాటల సారం ముందుగా ఇంగ్లీషులో రాసి ముగ్గురి ముందూ పెట్టేవాణ్ణి. వాళ్ళకు మన భాషలు రావు కనుక ధ్వని బాగా తగ్గించి బొమ్మ చూసేవారు. మాటలు నా కాగితం మీద చదువుకునేవారు. నేను వెనుక వరసలో చిన్న టార్చి, సెకన్లు కొలిచే స్టాప్‌వాచీ గడియారం పెట్టుకుని కూర్చుని, ఏ రీలులో ఎన్నో నిమిషంలో ఎవరు చెయ్యెత్తారో గుర్తు పెట్టేవాణ్ణి.

వయసు తేల్చడం బయటివాళ్ళు అనుకున్నంత తేలిక పని కాదు. తుపాకి కనబడితే ఎంత సేపు, రక్తం కారితే ఎంత దగ్గరగా, తల్లిని కొట్టే కొడుకుకు చివర శిక్ష పడిందా లేదా అన్నవన్నీ చూడాలి. ఒకసారి ఒక చావు సన్నివేశం దగ్గర ఆ బడి ఆవిడ చెయ్యెత్తింది. శవం ముఖం మీద గుడ్డ కప్పలేదు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు చచ్చిన మనిషి ముఖం చూపకూడదంది. మా వైపు చిన్నపిల్లలు కూడా తండ్రికి తలకొరివి పెడతారని నేను చెప్పాను. ఆవిడ నా మాట పూర్తిగా విని, "మీ పిల్లలు చూడక తప్పక చూస్తున్నారు. హాలులో తప్పించగలిగినప్పుడు ఎందుకు తప్పించకూడదు?" అంది. ఆనాటి నుంచి అది మండలికి నియమమైంది. అందరికంటే గట్టిగా ఆ నియమాన్ని పట్టుకున్నవాణ్ణి నేనే.

ఇంకొక్క పద్ధతి చెప్పాలి. తీసేయమన్న ముక్కను మేము పారేసేవాళ్ళం కాదు. ఫిల్మును అక్కడ కత్తిరించి, ముక్కను గుండ్రటి తగరపు డబ్బాలో చుట్టిపెట్టి, పైన చీటీ అంటించేవాళ్ళం. సినిమా దేశం దాటి వెళ్ళే రోజున డబ్బా తెరిచి ముక్కను మళ్ళీ దాని చోట అతికించి పంపేవాళ్ళం. ఇరవై ఏళ్ళలో ఒక్క ముక్క కూడా పోలేదు. తీసేయడం అంటే దాచి ఉంచడమేనని నా మెదడులో స్థిరపడిపోయింది.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. ఆఫీసు మూతపడింది. ఆఫీసుకు నడక దూరంలో మేముండే నాలుగంతస్తుల బిల్డింగులో అందరం మన దేశం వాళ్ళమే. నీళ్ళకు, రొట్టెల వరసకు, ఎవరు బయటికి వెళ్ళాలన్న దానికి ఒక కమిటీ వేసుకున్నాం. గదుల్లో చిక్కుపడిన పిల్లల కోసం ఒక హైదరాబాదీ తన ఫ్లాటులో మధ్యాహ్నం పూట వీడియో వేసేవాడు. అతను పెళ్ళిళ్ళకు వీడియో తీసే మనిషి. కెమెరా ఉంది, క్యాసెట్లు వందకు పైగా ఉన్నాయి. మొదటి రోజే నా గది తలుపు తట్టాడు.

"సాబ్, సినిమాలకు వయసు పెట్టుడు మీ కొలువే గద. గా పిల్లలు రోజంత తుపాకులు చూస్తుండ్రు, మల్ల నేను కూడ తుపాకులే చూపాల్నా? జర మీరే తేల్చుండ్రి."

నేను తేల్చాను. ఊరంతా కూలిపోతుంటే నా పని ఒక గదిలో మిగిలి ఉన్నందుకు, నిజం చెప్పాలంటే, సంతోషించాను. క్యాసెట్టును ముందు నేను చూసేవాణ్ణి. కొన్ని అందరికీ, కొన్ని పన్నెండు పైబడిన వారికి. వయసు మాట మీద వదలలేదు, పాస్‌పోర్టులో, అది చేతిలో లేనివాళ్ళకు బడి కార్డులో చూసేవాణ్ణి. బిల్డింగులో నాకు రిజిస్టరు సారు అని పేరు పడింది. నా ముందు గౌరవంగా, వెనుక నవ్వుతూ పిలిచేవారు.

రెండో అంతస్తులో కడప వైపు నుంచి వచ్చిన ఒక మెకానిక్కు ఉండేవాడు. అల్ రాయ్‌లో కార్ల వర్క్‌షాపులో మేస్త్రీ. భార్య ఒక బడిలో ఆయా. వాళ్ళకు తొమ్మిదేళ్ళ కూతురు, ఒక్కతే. పెద్దవాళ్ళ సినిమా రోజున ఆ పాప వసారాలో గోడకు ఆనుకుని మొహం ముడుచుకుని కూర్చునేది.

"సార్, మూడేండ్లు తక్కువైతే ఏమైతాది? కండ్లు పోతాయా?"

"నియమం నియమమే."

"నియమం ఎవురు పెట్నారు?"

"మేమే."

"అట్లయితే మీరే తీసేయండి!"

తండ్రి వచ్చి ఆమె పక్కన చతికిలబడేవాడు. లోపలికి వెళ్ళమంటే తల అడ్డంగా ఊపేవాడు. "నాకూ పన్నెండు నిండలేదు సార్. కావాలంటే మా ఆడమనిషిని అడగండి, రోజుకు నాలుగు సార్లు చెప్తాది." లోపల సినిమా నడుస్తుంటే, తలుపు అవతలి నుంచి వినబడే చప్పుళ్ళకు తగ్గట్టు తండ్రీకూతుళ్ళు తమ కథ ఒకటి అల్లుకునేవారు. ఆ కథలో విలన్ ఎప్పుడూ రిజిస్టరు సారే. నేను అన్నీ విన్నాను. నవ్వలేదు. నవ్వి ఉండవలసింది.

బయటపడే మార్గం ఇరాక్ మీదుగా, బస్సుల్లో. పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు ముందు చోటు దొరుకుతోందని తెలిసింది. మెకానిక్కు కుటుంబం పాస్‌పోర్టులు అతనికి వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ దగ్గర, వర్క్‌షాపు ఆఫీసులో ఉన్నాయి. కఫీల్ ఎండాకాలానికని దేశం దాటి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. వాటి కోసం మెకానిక్కు బయలుదేరే ముందు రోజు మధ్యాహ్నం డాబా మీద ఆ మాటే జరిగింది. నేను ట్యాంకులో నీటి మట్టం కొలవడానికి వెళ్ళి ఉన్నాను.

"కఫీల్ లేకపోతే ఏమి, సొరుగు యాడికీ పోలేదు కదా," అన్నాడతను భార్యతో. "తాళం చెవి నా జోబీలో ఉండాది. పొద్దున పోయి మధ్యాన్నానికి వస్తా."

"పాస్‌పోర్టు లేకుండా పోయినోళ్ళు లేరా?"

"ఉండారు. సరిహద్దు కాడ ఎండలో కూచోని ఉండారు. నా కూతురు కూచోదు."

ఆమె కిందికి వెళ్ళిపోయింది. నేనూ కొలత రాసుకుని దిగిపోయాను. డాబా మీద మెకానిక్కు మాత్రం మిగిలాడు. హైదరాబాదీ అప్పుడే కెమెరా తెచ్చాడు. ఊర్లో వాళ్ళకు చూపుకోవడానికి నాలుగు మాటలు చెప్పమని మెకానిక్కును అడిగి తీశాడట. తీస్తుండగా కింద రోడ్డు మీద ఏదో కనబడి కెమెరా అటు తిప్పాడట. ఇది నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున మెకానిక్కు వెళ్ళాడు. మధ్యాహ్నానికి రాలేదు. ఆ రోజు రాలేదు, ఆ వారం రాలేదు. అతనితో పనిచేసే ఒకాయన నాలుగో రోజున వచ్చి, అమ్ఘరా వైపు పాత ఇనుము గుట్టల దగ్గర అతని కారు తలుపులు తెరిచి ఉండగా చూశానన్నాడు. లోపల మనిషి లేడు. సీటు మీద మూడు పాస్‌పోర్టులున్నాయి, తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆమె వాటిని కళ్ళకద్దుకుని అట్లాగే నిలబడిపోయింది. ఎవరికి చెప్పుకోవాలో, ఎవరి మీద రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలో ఆ ఊరిలో ఆనాడు చెప్పగలిగినవాడు లేడు. నేను మాత్రం ఫిర్యాదు రాశాను, తేదీతో, మూడు ప్రతులు. ఇవ్వడానికి ఏ కిటికీ తెరిచి లేదు. మూడూ నా దగ్గరే ఉన్నాయి.

ఇంకో పది రోజులకు తల్లీకూతుళ్ళకు బస్సులో చోటు దొరికింది. బయలుదేరే ముందు రోజు భార్య నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఆయన బొమ్మ క్యాసెట్లో ఉందంట. పాపకు ఒక్క పారి చూపీయండి. మళ్ళా యాడ చూస్తాదో ఏమో. మొగం మరిచిపోతాది, చిన్నది."

చూపిస్తానన్నాను. అయితే ముందు మేం చూడాలి అన్నాను. ఇరవై ఏళ్ళ అలవాటు; అది అమానుషంగా ఉంటుందన్న ఆలోచనే రాలేదు. హైదరాబాదీ, నేను, మూడో మనిషిగా నాలుగో అంతస్తులో ఉండే ఒక గోదావరి వైపు నర్సు, మొత్తం ముగ్గురం కూర్చున్నాం. పక్క గదిలో తల్లీకూతుళ్ళు ఉన్నారు. అతని గొంతు వాళ్ళకు వినబడకూడదని ధ్వని పూర్తిగా తీసేయించాను.

బొమ్మ వచ్చింది. మెకానిక్కు ట్యాంకు పక్కన నిలబడి, చొక్కా అంచుతో మొహం తుడుచుకుని, కెమెరా వైపు చూసి చెయ్యెత్తి ఏదో అంటున్నాడు. కాసేపటికి కెమెరా ఒక్కసారి పిట్టగోడ మీదుగా కిందికి తిరిగింది. రోడ్డు పక్కన ఒక మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. ముఖం స్పష్టంగా కనబడుతోంది. కెమెరా అక్కడే ఉండిపోయింది. గడియారం నొక్కాను: మూడు నిమిషాల పది సెకన్లు. మళ్ళీ పైకి తిరిగేసరికి మెకానిక్కు లేడు. ట్యాంకు నిండి నీళ్ళు పొర్లుతున్నాయి.

"ఇది తీసేయాలి," అన్నాను. "పాపకు తొమ్మిదేళ్ళు."

"ఏవండీ, ఉంచెయ్యండీ," అంది నర్సు. "ఆ పిల్ల చూడంది ఏవుందండీ ఇందులో? రొట్టెల లైన్లో నా చెయ్యి పట్టుకుని ఆ మనిషి పక్కనుంచే నడిచిందండీ. రెండు రోజులు అక్కడే ఉన్నాడు కదండీ పాపం."

"రోడ్డుకు మండలి లేదమ్మా. క్యాసెట్టుకు ఉంది."

"ఏం మండలండీ బాబూ! మనం ముగ్గురవేనా?"

హైదరాబాదీ భయం వేరు. "సోల్జర్లు సోదాకొచ్చి గీ బొమ్మ చూస్తే మనందరిని గోడకు నిలబెడ్తరు. తీసుడే మంచిగ."

ఇద్దరం ఒకటయ్యాం. నర్సు లేచి వెళ్ళిపోయింది. వీసీఆర్ కౌంటరు అంకెలు రాసి ఇచ్చాను: ఇక్కడి నుంచి ఇక్కడి దాకా. అతను అరగంటలో పని ముగించి, "ఖలాస్ సాబ్," అన్నాడు.

తల్లీకూతుళ్ళను పిలిచాం. ఈసారి ధ్వని పెట్టాం. పాప టీవీకి జానెడు దూరంలో కూర్చుంది. తండ్రి మొహం తుడుచుకున్నాడు. భార్యను పేరు పెట్టి పిలిచాడు, అత్తను అడిగినట్టు చెప్పమన్నాడు, బక్రీదుకు రాయచోటి నుంచి వచ్చే ఒక స్నేహితుణ్ణి తిట్టాడు. తల్లి ఏడుస్తూ నవ్వింది. తర్వాత అతను చెయ్యెత్తి, "పాపా, ఇట్ల చూడు. ఇప్పుడు చెప్పేది నీకు ఒక్కదానికే. మనం ఊరికి పోయినాక నువ్వు మొదట..." అన్నాడు.

తెర నీలంగా అయిపోయింది.

నీలం అట్లాగే ఉంది. చప్పుడు లేదు. హైదరాబాదీ టీవీ ఆపేశాడు. నాకప్పుడు అర్థమైంది. కెమెరా రోడ్డు వైపు తిరిగినప్పటికీ ఆ మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు. బొమ్మలో శవం, మాటలో తండ్రి. ఆఫీసులో మాటల కాగితం రాయవలసినవాణ్ణి నేను. ఇక్కడ ఆ కాగితం ఎవరూ రాయలేదు, ఎందుకంటే రాయవలసినవాడు సభ్యుడై కూర్చుని తీర్పు చెబుతున్నాడు.

"మొదట ఏమి?" అంది పాప నా వైపు తిరిగి. "మొదట ఏమి చెయ్యాల?"

హైదరాబాదీని వంటగదిలోకి తీసుకుపోయాను. ముక్క ఇమ్మన్నాను.

"ముక్కేంది సాబ్?"

"తీసిన ముక్క. ఎక్కడ పెట్టావు?"

"గిది రీలు గాదు సాబ్, కత్తిరిచ్చి పెట్టనీకి. గా జాగ మీద ఖాళీ రికార్డు కొట్టిన. అంతే. పోయింది." అతని మొహం తెల్లబోయింది. "మీకు ఎరుకే అనుకున్న గద."

"ఏం చెప్పాడో గుర్తు తెచ్చుకో."

"నా కన్ను కెమెరాల ఉండె, మనసు కింద రోడ్డు మీద ఉండె. యాదికొస్తలేదు సాబ్. అల్లా తోడు. ఒక్కపారి నవ్విండు, గంతే యాదున్నది."

నేను తిరిగి గదిలోకి వచ్చాను. తల్లి చూస్తోంది, పాప చూస్తోంది. నిజం చెప్పడానికి నాలుగు మాటలు చాలు. దానికి బదులు నేను గొంతు సవరించుకుని, ఆ భాగంలో చిన్నపిల్లలు చూడకూడనిది ఉంది కనుక విడిగా తీసి ఉంచామని, పదహారేళ్ళు నిండాక చూపుతామని చెప్పాను. పన్నెండు అనలేదు. ఎందుకో పదహారు అన్నాను. ఎక్కువ కాలం దొరుకుతుందని కాబోలు. పాప వేళ్ళ మీద లెక్క పెట్టింది. "ఏడేండ్లు," అంది. "రాసిపెట్టండి సార్, మరిచిపోతారు." ఆమె చూస్తుండగానే రాశాను.

దారిలో సోదాలుంటాయని క్యాసెట్టును వాళ్ళు తీసుకుపోలేదు. నేను దాన్ని పిండి డబ్బాలో పెట్టి కరెంటు మీటర్ల గదిలో గోడ వెనుక దాచాను. రెండు వారాలకు నేనూ బయటపడ్డాను. యుద్ధం ముగిశాక ఆఫీసు నన్ను మళ్ళీ పిలిచింది. మీటర్ల గదిలో డబ్బా చెక్కు చెదరలేదు. మెకానిక్కు జాడ మాత్రం తెలియలేదు. హైదరాబాదీ తిరిగి రాలేదు. తల్లి కొన్నేళ్ళకు మళ్ళీ కువైట్‌లో ఒక ఇంట్లో వంటకు వచ్చింది. సెలవు రోజున ఎప్పుడైనా కలిస్తే, "అది భద్రమే కదా సార్?" అని అడిగేది. "భద్రంగా ఉందమ్మా," అనేవాణ్ణి. క్యాసెట్టు భద్రంగానే ఉంది. అక్షరం తప్పకుండా నిజం చెబుతూ మనిషిని ఎలా మోసగించవచ్చో నాకు ఆ సంవత్సరాలలో బాగా అలవాటైంది.

ఏడేళ్ళకు ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు మిర్కాబ్ ఆఫీసుకు వచ్చారు. తల్లి పనిచేసే ఇంటి యజమానురాలు కూతురికి విజిట్ వీసా తీయించిందట. అమ్మాయి నాకంటే పొడుగైంది. కూర్చోలేదు. సంచిలోంచి తన సొంత పాస్‌పోర్టు తీసి, పుట్టిన తేదీ ఉన్న పేజీ తెరిచి నా టేబుల్ మీద పెట్టింది.

"పదహారు నిండి పదకొండు దినాలు సార్. చూసుకోండి."

నేను చూసుకోలేదు. నిలబడే చెప్పాను. ఆ భాగం లేదని, మొదటి నుంచీ లేదని, రాసినది అబద్ధమని. తల్లి గోడకు ఆనుకుంది. "ఏడేండ్లు సార్," అంది సన్నగా. "ఇన్ని దినాలు నన్ను అడగనిస్తా వచ్చినారు."

అమ్మాయి తెరిచిన పాస్‌పోర్టును మూసింది. తర్వాత, "క్యాసెట్టు వేయండి," అంది.

"అక్కడ ఏమీ లేదమ్మా."

"లేనిదే వేయండి. అది నాది."

బీరువాలోంచి క్యాసెట్టు తీసి, మండలి సినిమాలు చూసే గదిలో వేశాను. తండ్రి మొహం తుడుచుకున్నాడు, స్నేహితుణ్ణి తిట్టాడు, చెయ్యెత్తాడు. "మనం ఊరికి పోయినాక నువ్వు మొదట..." నీలం వచ్చింది. నేను ఆపబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. మూడు నిమిషాల పది సెకన్లు ఆ నీలం తెరను రెప్ప వేయకుండా చూసింది. ఆ గదిలో ఎన్నో చావులు చూశాను, ఎన్నిటికో వయసు పెట్టాను. ఆ నీలానికి ఏ వయసు పెట్టాలో నాకు తెలియలేదు.

తర్వాత డాబా వచ్చింది, ట్యాంకు పొర్లుతోంది. ఈ చివరి భాగాన్ని ధ్వనితో నేను ఎన్నడూ వినలేదు. నీళ్ళ చప్పుడు వెనుక మెట్ల మీద చెప్పులు టపటపమని దిగిపోతున్నాయి. ఒక అంతస్తు, ఇంకో అంతస్తు. చప్పుడు సన్నగిల్లి ఆగింది.

"నాయన," అంది అమ్మాయి. "ఎడమ చెప్పు వదులు. ఎప్పుడూ ఈడ్చుకుంటా నడిచేవాడు." తల్లి వైపు తిరిగింది. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తల ఊపింది.

ఆ చప్పుడును మూడుసార్లు వేయించుకుంది. నేను ఆరో పుస్తకం తీసి, పాత వాక్యం కింద కొత్తది రాశాను: "పై వాక్యము అసత్యము. తొలగించిన భాగము నా తప్పు వలన ఏనాడో నశించినది." కింద గీత గీసి, సాక్షిగా సంతకం పెట్టమని పుస్తకాన్ని ఆమె ముందుకు జరిపాను. అలవాటు.

ఆమె చదివింది. కలం ముట్టుకోలేదు.

"నేనెందుకు పెట్టాల సార్? రాసింది మీరు. తీసింది మీరు." క్యాసెట్టును యంత్రంలోంచి తనే తీసుకుని, పాస్‌పోర్టుతో కలిపి సంచిలో పెట్టుకుంది. తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

ఆ గీత కింద ఇప్పటికీ ఖాళీగానే ఉంది. అట్లా ఉండడమే సరైనది.